రెండు జిప్ టైలు

రెండు ప్లాస్టిక్ జిప్ టైలు. వైర్లు కట్టగా బిగించే పట్టీలు, నల్లవి, జానెడు పొడవు. త్రాసులో వేస్తే ముల్లు కూడా కదలదు. పన్నెండేళ్లుగా మోస్తున్నాను వాటిని. ఇవాళ మీకు చెప్పేసి దించుకుందామని కూర్చున్నాను. కూర్చున్న పది నిమిషాల్లో నాలుగుసార్లు లేచాను. ఒకసారి మంచినీళ్లకి, ఒకసారి బయట మంచు ఎంత పడిందో చూడటానికి. మిగతా రెండుసార్లు ఎందుకో నాకే తెలీదు.

షికాగో పక్కన నేపర్‌విల్‌లో మావాళ్ల ఇళ్లలో, తలా ఒక వంట తెచ్చే ఏ పాట్‌లక్ జరిగినా బిర్యానీ ట్రే పక్కన నిలబడి నేను చెప్పే కథ ఒకటుంది. మిషిగన్ అడవిలో మా స్నోమొబైల్, అంటే మంచు మీద పోయే మోటారు బండి, ఆగిపోయింది. సున్నాకి నలభై డిగ్రీల కింద చలి. నేనూ, నా బావమరిది ప్రకాశమూ పది మైళ్లు మంచులో నడిచాం. వెనకాల తోడేలు. ముందు ఈ కథ సరిచేస్తాను. చలి అంత లేదు. నడిచింది మైలుకన్నా తక్కువే, ఆ తర్వాత దారి చదును చేసే ట్రాక్టర్ ఒకటి వస్తే ఎక్కాం. తోడేలు ఆ ట్రాక్టర్ ఆయన కుక్క. బయల్దేరిన చోటు చేరేదాకా నా ఒళ్లోనే పడుకుంది.

ఇంతవరకూ తేలికే. అసలుది రాయాలంటే చెయ్యి ఆడటం లేదు.

ఆ బండి నా చేతి పని. ముప్పై ఏళ్లు మెషిన్ షాపులో చేసినవాణ్ణి, రిటైరయ్యాక చేతులు ఊరుకోవు కదా. పాత స్నోమొబైల్ ఒకటి కొని గరాజ్‌లో పెట్టాను. గట్టిపడిన దారి మీద పరుగెత్తే బండికి కింద తిరిగే రబ్బరు ట్రాక్ పొట్టిగా, దాని పళ్లు చిన్నగా ఉంటాయి. నడుములోతు మెత్తటి మంచులో తేలాలంటే పొడుగు ట్రాక్, పెద్ద పళ్లు కావాలి. రెండు బళ్లు ఎందుకు, ఒక్కదాంతోనే రెండు పనులూ చేయిస్తానన్నాను. ట్రాక్ మార్చాను, పట్టాలు పొడిగించాను, గేర్లు మార్చాను, నిలబడి తోలడానికి హ్యాండిల్ ఎత్తు చేశాను. రెండు చలికాలాలు పట్టింది. అందరికీ రెండు వారాలని చెప్పాను.

ఇక్కడ ఒక చిన్న సంగతి మీకు తెలియాలి. ఆ ఇంజిన్‌ని చల్లబరిచేది మంచే. ట్రాక్ ఎగజిమ్మిన మంచు సీటు కింది రేకులకి తగిలితే లోపలి నీళ్లు చల్లబడతాయి. మెత్తటి మంచులో దానికి కొదవ లేదు. దారి ఐసులా బిగిసిపోయిన రోజున మాత్రం ఎగిరేందుకు ఏమీ ఉండదు. అందుకని రెండు స్టీలు కమ్ములు నేలకి ఆనేట్టు వేలాడదీస్తారు. అవి ఐసుని గీకి పొడి లేపుతాయి. స్క్రాచర్లంటారు. నేనూ పెట్టాను.

బయల్దేరే ముందు రోజు గరాజ్‌లో పూజ. మా ఆవిడ లలిత, అంటే ప్రకాశం అక్క, హ్యాండిల్‌కి పసుపు రాసి, హెడ్‌లైట్‌కి బొట్టు పెట్టి, ట్రాక్ కింద నిమ్మకాయలు పెట్టబోయింది. ఆ కమ్ములు చేతికి గుచ్చుకున్నాయి. "వీటిని కాస్త పైకి తీయండి!" అంది. మడిచి జిప్ టైలతో బిగించాను. నిమ్మకాయలు చితికాయి, కొబ్బరికాయ పగిలింది, బండి ట్రైలర్ ఎక్కింది. టైలు అలాగే ఉండిపోయాయి. మరిచిపోయాను.

మర్నాడు ఏడు గంటలు ఉత్తరానికి డ్రైవ్ చేశాం. మొదటి సవారీ ప్రకాశానికే ఇచ్చాను. వాడు భయస్థుడు. మెల్లగా తోలేవాడు, అన్నీ రెండుసార్లు అడిగేవాడు. నేను అదే సీటు మీద, వాడి వీపు చాటున. ఆ రోజు దారి అద్దంలా బిగిసి ఉంది.

ఎనిమిది మైళ్లు పోయాక బండి కీచుమని జారుతూ ఆగింది. చల్లబడక ఇంజిన్ పట్టేసింది. ప్రకాశం హెల్మెట్ తీసి, ఫోన్‌కి సిగ్నల్ అందుతుందేమోనని గట్టెక్కాడు. నేను బండి వెనక మోకాళ్ల మీద కూర్చున్నాను. చాకుతో టైలు రెండూ కోసి జేబులో వేసుకున్నాను. కమ్ములు టింగుమని కిందికి దిగాయి. ఆ చప్పుడు వాడికి వినపడలేదు. నాకు ఇప్పటికీ వినపడుతుంది.

వాడు దిగివచ్చాడు.

"బావా, ఏమైంది?"

"ఏమవుతుందిరా? ఇంజిన్ తినేశావు."

"నేనా? నువ్వు చెప్పినట్టే తోలాను కదా బావా!"

"ఎర్ర లైటు వెలగలేదూ?"

"వెలిగింది. నీ బండి కదా, అలాగే వెలుగుతుందేమో అనుకున్నా."

"వెలిగితే ఆపాలని తెలీదట్రా? కారులో వెలిగితే ఇలాగే పోతావా?"

వాడు చేతి తొడుగు తీసి బండి ముక్కు మీద చెయ్యి వేసి నిమిరాడు. "సారీ బావా" అన్నాడు. నాకు కాదేమో, బండికేమో.

అప్పుడే చెప్పేసి ఉంటే? ఇద్దరం నవ్వుకునేవాళ్లం. వాడు ఏడాదిపాటు నన్ను ఆటపట్టించేవాడు, అంతేగా? అంత చిన్నదాన్ని ఇంత పెద్దది చేసుకున్నానే, అది వాడి మంచితనం చూసి వచ్చిన ధైర్యమా, నా చేతి పనికున్న పేరు పోతుందన్న భయమా? ఇన్నేళ్లలో నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. ప్రతిసారీ నాకు అనుకూలమైన జవాబే వచ్చింది.

ఇంటికొచ్చాక లలిత తమ్ముణ్ణి కేకలేసింది. "నీకెప్పుడూ పరధ్యానమేరా" అని. పాట్‌లక్‌లో నేను కథ మొదలెడితే వాడు ప్లేటు పట్టుకుని నవ్వుతూ నిలబడేవాడు. "ఇంజిన్ తిన్నాడు, బిర్యానీ ఎంత?" అని నేనే అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వు నాకు బాగుండేది కూడా. ఇది రాయకుండా ఉండలేను.

తర్వాత వాడు స్నోమొబైల్ ఎక్కలేదు. మంచు పడితే కారు తీయడు, రైల్లో పోతాడు. ఇంట్లో డిష్‌వాషర్ పాడైనా "నేను ముట్టుకోను, నా చేతిలో మెషిన్లు చస్తాయి" అంటాడట. బండికి నేను ఇంజిన్ మార్చాను. అది గరాజ్‌లో గుడ్డ కప్పుకుని ఉంది.

మొన్న వాడి కూతురు సౌమ్య ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టిన పిల్ల, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. "మామయ్యా, సాటర్డే ఆ స్నోమొబైల్ తీసుకెళ్లనా? నాన్నని కూడా రమ్మన్నా. హీ జస్ట్ వోంట్. నేను వస్తే అది బ్రేక్ అవుతుంది అంటాడు. సో శాడ్, మామయ్యా." తండ్రితో ఒక్కరోజు గడపాలని ఆ పిల్ల ఆశ. అడ్డం నిలబడింది ఎవరో దానికి తెలీదు.

అప్పటినుంచీ కాలు ఒకచోట నిలవటం లేదు.

ఇంకొకటి ఉంది. పైన "మరిచిపోయాను" అని రాశాను కదూ. అదీ అబద్ధమే. బయల్దేరే చోట, పెట్రోలు పోయించుకునే దగ్గర గుర్తొచ్చింది. తెల్లవాళ్లు నలుగురైదుగురు బండి చుట్టూ మూగారు. పసుపు చూసి ముచ్చటపడ్డారు, ట్రాక్ చూసి మెచ్చుకున్నారు. ఒకాయన వంగి చూసి, "ఇవాళ దారంతా ఐసు, స్క్రాచర్లు దించుకోవా?" అన్నాడు. "నా బండికి అక్కర్లేదు, దీని కూలింగ్ నేనే డిజైన్ చేశాను" అన్నాను. ఆయన మెచ్చుకోలుగా ఈల వేశాడు. ఆ ఈల తర్వాత అందరి ముందూ ఐసు మీద పడుకుని వాటిని ఎలా దించను? ఏమీ కాదులే అనుకున్నాను. అవుతుందని తెలిసే అలా అనుకున్నాను. ప్రకాశం పక్కనే హెల్మెట్ పెట్టుకుంటూ, "నేనేమైనా చూసుకోవాలా బావా?" అని అడిగాడు. "నువ్వు యాక్సిలరేటర్ నొక్కు. మిగతాది నేను చూసుకున్నా" అన్నాను.

శనివారానికి రోడ్ల మీద మంచు తీసేస్తారట, పిల్లని దింపడానికి ప్రకాశం వస్తాడు. గరాజ్ వైపు రాడు, డ్రైవ్‌వేలో కారులోనే కూర్చుంటాడు. మీకని మొదలుపెట్టిన ఈ కాగితాలూ ఆ రెండు టైలూ కారు అద్దంలోంచి ఇస్తాను. సౌమ్యకి తెలుగు చదవటం రాదు. వాడికి వచ్చు. చదివి అద్దం ఎత్తేస్తాడో, దిగుతాడో నాకు తెలీదు. వాడు అడిగేదాకా ఆగకూడదని మాత్రం అనుకున్నాను.

ఈ పొద్దున గుడ్డ తీసి, బండి కింద సిమెంటు మీద పడుకున్నాను. డెబ్బై నాలుగేళ్ల నడుము. కమ్ములు మడిచి కొత్త టైలు రెండు కట్టాను. గడియారం చూస్తూ వాటిని కోశాను. ఎంత పని అది, ఆ రోజు నేను చేయనిది?

ఇరవై సెకన్లు. ఇది పెంచి చెప్పటం లేదు.