మౌనం రోజున మా అప్ప ప్రార్థన

విజయనగరంలో దొరల కాలం నాటి ధ్యాన కేంద్రం ఒకటుంది. కట్టినప్పుడు ఊరికి దూరంగానే కట్టి ఉంటారు, ఇప్పుడు ఊరే వచ్చి దాని మీద పడింది. గోడకి అటు పక్క ఆటో స్టాండు, ఇటు పక్క సెల్‌ఫోన్ల దుకాణం, గేటు ముందు పాత ఇనుము కొంటామని మైకులో అరిచే బండి. అలాంటి చోట ఏటేటా మా చర్చి ఆడవాళ్ల కూటాల్లో ఒక రోజు మౌనం పాటించమంటారు. పొద్దుటి టిఫిను దగ్గర్నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు. ఎవరికి తట్టిన ఆలోచనో గాని, మా వైపు ఆడవాళ్లకి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు.

నేను మాత్రం ఆ రోజు కోసమే వెళ్లేదాన్ని. ఏడాదంతా బడిపిల్లల గోల పడేదాన్ని మరి. ఈసారి గదిలోకి వెళ్లేసరికి పక్క మంచం మీద మా అప్ప కూర్చుని ఉంది. నాకు తోడబుట్టిన అక్క, చీపురుపల్లి నుంచి వచ్చింది. అమ్మ పోయినప్పట్నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. అమ్మ అప్ప దగ్గరే ఉండేది. ఆఖర్న అమ్మకి మాట పడిపోయినా అప్ప నాకు కబురు చెయ్యలేదు. నేను వెళ్లేసరికి పెట్టెకి మూత బిగించేశారు. వీధిలో కుక్క ఈనినా అందరికీ ఫోన్ చేసి చెప్పే మనిషి, అమ్మ సంగతి నాకెందుకు చెప్పలేదో ఆ ఒక్కటీ నాకు కావాలి. నేను అడగను, తనంతట తనే చెప్పాలి.

మౌనం రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, పప్పులో ఉప్పు లేదని సైగలతో చెప్పబోయి అప్ప నీళ్ల గ్లాసు పడగొట్టింది. మౌనంలో కూడా అంత చప్పుడు చెయ్యడం ఆవిడకే చెల్లింది. తప్పించుకుని మందిరంలో ఓ మూల కూర్చుని కళ్లు మూసుకున్నానో లేదో, వెనక బెంచీలో అప్ప వచ్చి కూలబడి గొంతెత్తి ప్రార్థన మొదలెట్టింది. మనుషులతో మాట్లాడొద్దన్నారు గాని దేవుడితో మాట్లాడొద్దని ఎవరూ అనలేదు కదా.

ముందు వానలు, తర్వాత మోకాళ్ల నొప్పులు, ఆ తర్వాత నేను. చెల్లికి పొగరు తగ్గించమంది. ఎదురుపడితే మొహం తిప్పుకుంటోందని ఫిర్యాదు చేసింది. నాకు వినబడాలనే ప్రతి మాటా ఒత్తి పలుకుతోంది. ఒళ్లు మండిపోయింది. లేచి పోదామనుకుంటుండగా గొంతు తగ్గింది.

"పెబువా, అమ్మకి అలాగున్నాదని దానికి ఫోను సెయ్యలేదు. సెప్తే అమ్మ నిజంగానే పోతాదని బయమేసినాది. రేపు లెగుస్తాది, రేపు సేద్దాం అనుకున్నాను. అంతే పెబువా."

ఆమెన్ అనకుండా ఆగిపోయింది. మాలో ఒకరు ప్రార్థన చేస్తే విన్నవాళ్లు ఆమెన్ అంటారు. అన్నారంటే ఒప్పుకున్నట్టే. ఇన్నేళ్లు నేను ఎదురుచూసిన మాట నాతో చెప్పకుండా దేవుడితో చెప్పి, పైగా నా ఆమెన్ కోసం కాచుక్కూర్చుంది. కోపంతో పాటు ఏడుపూ వచ్చింది. ఆమెన్ అన్నాను. అని ఊరుకోలేక వెనక్కి తిరిగాను.

"నువ్వు సెప్పకపోయినా అమ్మ పోయింది కదప్పా. నాను సూడలేకపోయినాను."

మందిరంలో తలలన్నీ నావైపు తిరిగాయి. అప్ప కళ్లు తుడుచుకుని, బెంచీ మీదుగా నా చెయ్యి గట్టిగా పట్టుకుని, నోటి మీద వేలేసుకుంది.

"ఊరుకోవే. గంట కొట్టలేదింకా."