ఎడమ కాలు అన్నది, కుడి కాలు తమ్ముడిది

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా పెద మావయ్య ఎల్వీరో నోరు మంచిది కాదు, మా కోన్ అనే కొండ ఊరూ మంచిది కాదు, కనక ఎవరికీ నష్టం రాలేదు. చలికాలమంతా జలపాతాలు గడ్డకట్టి నిలువునా వేలాడే ఊరు మాది. వాటిని ఎక్కేవాళ్ల క్రాంపాన్లు బాగు చెయ్యడం ఆయన పని. బూటు కింద కట్టుకునే ఆ ఉక్కు పళ్ల చట్రానికి ముందు రెండు కోరలు పొడుచుకొస్తాయి. ఎక్కేవాడి ప్రాణం వాటి మీదే నిలబడుతుంది. ఆ కోరల్ని ఆకురాయితో పదునుపెట్టి, ముందుకో వెనక్కో జరిపి, చట్రానికున్న మూడు రంధ్రాల్లో ఒకదాంట్లో బోల్టు బిగించి ఇస్తాడు. మొదటి రంధ్రమైతే కోర పొట్టి, మూడోదైతే పొడుగు.

ఎవడైనా మిషను మీద పదును పెట్టించుకుని వచ్చాడా, అయిపోయాడే.

"మిషను వేడికి ఉక్కుని కాల్చి చంపి తెచ్చావు. శవాలకి వైద్యం చెయ్యను, పో!"

వచ్చినవాడు మిలానో నగరం డాక్టరైనా అదే మర్యాద.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఈయనే. ప్రేమగా పెంచాడని మాత్రం చెప్పను. పొద్దున్నే పొలెంటా అనే మొక్కజొన్న సంకటి నా ముందు పడేసి, "తిని చావవే ఓర్నెల్లా, నీ కడుపు మాడుస్తున్నానని ఊరంతా నన్నే తిడుతోంది," అనేవాడు. ఆరేళ్లకే చేతికి ఆకురాయి ఇచ్చాడు. వేలు తెగితే గుడ్డ కట్టి, మళ్లీ ఆకురాయే ఇచ్చాడు.

తాత పోతూ పోతూ కొట్టు చెరిసగం అన్నాడు. ఎడమ బల్ల పెద మావయ్యది, కుడి బల్ల చిన మావయ్య జిల్దోది. అప్పటికే ఇద్దరూ ఉప్పూ నిప్పూ. కోర పొట్టిగా ఉండాలంటాడు పెద్దాయన. పొడుగైతే అదురుతుంది, పిక్కలు పట్టేస్తాయి. పొడుగ్గా ఉండాలంటాడు చిన్నాయన. ఎండకి పైన మెత్తబడిన మంచులో పొట్టి కోర నిలవదు. రోజుని బట్టి ఇద్దరి మాటా నిజమే, కానీ ఆ ముక్క ఒప్పుకోవడం కంటే వాళ్లకి చావు నయం. తాత పోయిన నెలకే, వచ్చిన ప్రతి జతలో కాళ్లు కూడా పంచేసుకున్నారు. ఎడమ కాలు అన్నది, కుడి కాలు తమ్ముడిది. ఆ రోజునుంచి మాటల్లేవు. తొమ్మిదేళ్లు!

మధ్యలో రాయబారం నాది.

"రెండో రంధ్రంలో బిగించమన్నారని ఆయనతో చెప్పు," అంటాడు పెద్దాయన.

"నాకు చెవులున్నాయని ఆయనతో చెప్పు," అంటాడు చిన్నాయన.

"చెవులు సరే, బుర్ర సంగతేమిటో కనుక్కో."

లోయలో ఇంకో కొట్టు లేదు కాబట్టి జనం భరించారు. క్రాంపాన్లు చేతికి రాగానే రెండూ పక్కపక్కన పెట్టి కోరలు సరిచూసుకోవడం మాత్రం ఊరంతా నేర్చుకుంది. దేవుణ్ణి నమ్మినా మా మావయ్యల్ని ఎవరూ నమ్మరు.

ఎక్కేవాళ్లని వెంట తీసుకెళ్లే గైడునవడానికి ఫిబ్రవరిలో నా పరీక్ష పడింది, లిల్లా జలపాతం మీద. ఆరేళ్లుగా దానికోసమే బతికాను. గైడునైతే ఆ కొట్టులోంచి బయటపడతాను, లేకపోతే రాయబారమే గతి. నా జత ఇద్దరి ముందూ పెట్టి చెప్పాను.

"ఈ ఒక్కసారికి ఇద్దరూ నా మాట వినండి. రెండిటికీ రెండో రంధ్రం."

ఇద్దరూ తలూపారు. నాకోసమైనా వింటారనుకున్నాను. ఎదురుగా సరిచూస్తే చిన్నబుచ్చుకుంటారని అలాగే సంచిలో వేసుకున్నాను. అంత పిచ్చిదాన్ని నేను!

పరీక్ష రోజు ఎండ కాసింది. మంచు పైపొర చెమ్మగిల్లింది. పదిహేను మీటర్లు ఎక్కేసరికి ఎడమ కాలు ఎన్నిసార్లు తన్నినా నిలవడం లేదు. ఇంకోసారి తన్ని, బరువంతా వేశాను. కోర జారిపోయింది. తాడు ఆపేలోపే భుజం గట్టుకి కొట్టుకుంది. చెయ్యి విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

పరీక్ష పెట్టినాయన నా క్రాంపాన్లు విప్పి, మంచు మీద పక్కపక్కన పెట్టాడు. ఎడమది మొదటి రంధ్రం, కుడిది మూడోది. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు.

"మీ మావయ్యల పనేనా? ఊరందరికీ తెలిసింది నీకు తెలీదా అమ్మాయీ? తన కోరలు చూసుకోనిదాని చేతికి మనుషుల్ని ఎలా అప్పజెప్పమంటావు?"

మళ్లీ పరీక్ష రెండేళ్లకి.

ఆసుపత్రినుంచి చెయ్యి మెడకి వేలాడేసుకుని నేరుగా కొట్టుకే వెళ్లాను. క్రాంపాన్లు రెండు బల్లల మధ్య నేల మీద విసిరికొట్టాను.

"పరీక్ష పోయింది. జారిపడ్డాను."

ఇద్దరూ తలెత్తారు. ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"ఏ కాలు జారిందే?"

తొమ్మిదేళ్లలో వాళ్ల నోట కలిసి వచ్చిన మాట అదొక్కటే. నా చెయ్యి వంక ఒక్కరూ చూడలేదు.

"ఎడమ కాలు," అన్నాను.

జిల్దో మావయ్య తొడ చరుచుకుని నవ్వాడు. నన్ను పెంచిన పెద మావయ్య చేతిలో ఆకురాయి కింద పెట్టనైనా లేదు.

"తన్నడం రాలేదన్నమాట నీకు," అన్నాడు.

ఆ రోజునుంచి ఆ కొట్టులో మాట్లాడుకోనివాళ్లం ముగ్గురం.