ఫ్రెంచా, జర్మనా?

ఏ విదేశీ భాష నేర్చుకోవాలని అడిగే మీరు, అది ఎవరితో మాట్లాడటానికో ఆలోచించారా?

అనంతగిరి కాఫీ రైతుల సంఘంలో పనిచేస్తూ నేనూ ఆలోచించలేదు. ఫ్రెంచా, జర్మనా తేలక, మూఢనమ్మకాలను చీల్చి చెండాడే నేనే చీటీలు వేశాను. పక్కనే గింజలు ఏరుతున్న పెద్దావిడ నవ్వింది.

“మా దిశారి ముహూర్తం సెప్తే ఎగతాళి సేత్తావు, మరిదేటి బాబూ? మన కాఫీ తిప్పి పంపినోడెవుడు?”

“జర్మనీ వ్యాపారి, తిడుతూ ఉత్తరాలు కూడా రాశాడు. ఫ్రాన్సు వ్యాపారి పొగుడుతాడంతే.”

“అయితే తిట్టినోడి బాస నేర్సుకో. మన తప్పేటో బేగి తెలుత్తాది.”

నేర్చుకున్నాను. ఫోన్ అనువాదంలో నాకు అందని తప్పు ఆయన ఉత్తరాల్లో దొరికింది: గింజలను మేం మరీ ఎక్కువసేపు పులియబెడుతున్నాం. మరుసటి ఏడు ఆయన సరుకు తిప్పి పంపలేదు. ఆ అమ్మకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

మీ తప్పు చెప్పేవాడి భాష ఈరోజే మొదలుపెట్టండి.