దొరగారి వేలు, దలా మావయ్య కాలు

నోరున్న ప్రతివాడూ తీర్పరి అయిపోయే ఈ లోకంలో, అసలు తీర్పు మాత్రం తన చేతిలోనే ఉంచుకున్న దేవునికి స్తోత్రం. ఆ రోజుల్లో ఈ సంగతి నాకు తెలీదు. తీర్పు చెప్పడం మా ఇంటి ఆస్తి అనుకునేవాణ్ణి. అందుకు కారణం మా తాత. రంగూన్ నగరంలోని బోటాటౌంగ్‌లో మా తెలుగు సంఘం ఆదివారం ఆరాధన ముగించగానే, టీ గ్లాసు పట్టుకుని అంపైరు దొర జీవితకథ చెప్పడం మొదలుపెట్టేవాడు (ప్రసంగానికి నిద్రపోయినవాళ్ళు దీనికి లేచేవారు). తెల్లదొరల కాలంలో రంగూన్ రేవులో మూటలు మోసిన మా తాత తాత, శనివారాలు ఆ దొర కోటు పట్టుకుని క్రికెట్ మైదానం పక్కన నిలబడేవాడట. సముద్రాలు దాటొచ్చిన ఆ మహా ఆటగాడు బ్యాటుతో వెళ్ళి, కోటు మడత పెట్టేలోపే తిరిగొచ్చేవాడట. చివరికి మైదానంలో ఎప్పటికీ అవుటవని ఉద్యోగం ఒక్కటే ఉందని గ్రహించి అంపైరయ్యాడు. ఒకరోజు వికెట్లకి అడ్డంగా కాలు పెట్టిన తన పై అధికారికే అవుటని వేలెత్తాడు. నెల తిరక్కుండా ఆయన్ని నది ఎగువకి, దోమలు తప్ప ఎవరూ ఆడని ఊరికి బదిలీ చేశారు. "అయినా ఏలు దించనేదు," అని తాత ముగించేవాడు. (ఎత్తిన వేలితో దోమల్ని ఎలా కొట్టాడో అడిగే ధైర్యం నాకు లేదు.)

అంతటి కోటు మోసిన వంశంలో పుట్టినందుకు, క్రిస్మస్ ముందు నది అవతలి దలా ఊరి సంఘంతో జరిగే ఆటకి నన్ను అంపైరుగా నిలబెట్టారు. ఆ సాయంత్రమే అక్కడి సంఘపెద్ద కూతురితో నా పెళ్ళిమాట ఖాయం కావాలి. మా ఇద్దరికీ ఇష్టమే, ఆయన ఊ అనడమే తరువాయి (ముందునుంచే మావయ్యా అని పిలిచేవాణ్ణి, విశ్వాసమంటే అదే కదా). కోత కోసిన పొలంలో ఆట. ఒక్క ఫోరు కొడితే దలా గెలుస్తుంది. మిగిలింది చివరి వికెట్టు, ఆడుతున్నది మావయ్య. బంతి నేరుగా వచ్చి ఆయన మోకాలి కింద తగిలింది. మావాళ్ళందరూ నావైపు తిరిగి అరిచారు. బిర్యానీ గిన్నె పక్కనుంచి అమ్మాయి చూస్తోంది. వేలు నన్నడక్కుండానే లేచిపోయింది.

మావయ్య కదల్లేదు. "తీర్పు తీర్చొద్దని వాక్యం నేదేటి?" అన్నాడు. న్యాయంగా తీర్పు చెప్పమని కూడా ఉందని తాత గట్టుమీద నుంచి అందుకున్నాడు. అంతే, ఆట కాస్తా బైబిలు స్టడీ అయింది. ధర్మశాస్త్రం వచ్చింది, ప్రవక్తలు వచ్చారు, అపొస్తలులు మాత్రం ఎల్బీడబ్ల్యూ గురించి ఏమీ రాసి పెట్టలేదు. ఈలోగా పొద్దువాలి ఫెర్రీకి వేళైంది. బిర్యానీ ముట్టకుండా, పెళ్ళిమాట ఎత్తకుండా నది దాటాం. "దొరకి బదిలీ, మనకి పస్తు. అయినా ఏలు దించనేదురా నువ్వు," అని తాత మురిసిపోయాడు. మిగతావాళ్ళు నా వేలిని చూసిన చూపులో క్రైస్తవ ప్రేమ కనబడలేదు.

ఈస్టరు దాటాక మావయ్యే నది దాటి మా గుమ్మంలోకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. బంతి నిజంగా వికెట్లకే పోతున్నాదేటి అని అడిగాడు. మనసులో దేవుణ్ణి తలచుకుని, "వికెట్లకే, మావయ్యా," అన్నాను. ఆయన లుంగీ కాస్త ఎత్తి, మోకాలి కింద నల్లమచ్చ చూపించాడు.

"నాకు తెల్దేటి? వారం నడవనేకపోయాను. మందు రాసినప్పుడల్లా మా పిల్ల, అది అవుటే నాన్నా అంటాది. ఇంక నేను ఇననేను, దాన్ని నువ్వే తీసుకుపో."

మావయ్య ఇప్పుడు ప్రభువు దగ్గరున్నాడు (అక్కడ కూడా అవుట్ కాదనే వాదిస్తూ ఉంటాడు). ఈ క్రిస్మస్ ఆటకి అంపైరు, మా అమ్మాయిని పెళ్ళికి అడుగుతున్న కుర్రాడు. బ్యాటింగుకి దిగేది నేను. పొద్దున చూసుకుంటే, బైబిల్లో తీర్పు తీర్చొద్దన్న వాక్యం దగ్గర అప్పుడే రిబ్బను పెట్టి ఉంచాను. ఆ కుర్రాడి వేలికి బలమూ, నా కాలికి బుద్ధీ ఇమ్మని మీరూ నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి.