టైలర్ చాచా, స్పెయిన్‌లో ఆయన ‘మనోళ్లు’

మా టైలర్ చాచా చనిపోయి నెల దాటింది. ఆ శుక్రవారం పొద్దున కోరుట్లలో నా జిరాక్స్ దుకాణం షట్టర్ సగం ఎత్తానో లేదో, పక్కింట్లోంచి చాచీ నా పేరు పెట్టి పిలిచింది. ఆ పిలుపులోనే నాకు తెలిసిపోయింది. తెల్లవారి నమాజు చేసుకున్నాడట, చాయ్ తాగాడట, కాసేపు ఒరుగుతానని గోడవైపు తిరిగి పడుకున్నాడట. మందు గోళీ ఇద్దామని చాచీ భుజం తడితే పలకలేదు. మధ్యాహ్నం జుమ్మా నమాజు కాగానే తీసుకుపోయారు.

ఆయన నాకు చుట్టం కాదు. వాళ్ల ఇంటి ముందుగదే ఆయన దుకాణం, ఆ గోడకు ఆనుకొని నా దుకాణం. పన్నెండేళ్లు ఆయన కుట్టు మిషన్ చప్పుడు వింటూనే పని చేసుకున్నాను. చప్పుడు ఆగితే చాయ్ వేళ అయిందని లెక్క. ఒక గ్లాసు నిండా తెప్పించి, సగం నాకు పోసేవాడు. నిండు గ్లాసు ఎప్పుడూ ఇవ్వలేదు, ఒక్కడే ఎప్పుడూ తాగలేదు. పిల్లల బడి బట్టలకు లోపల రెండు అంగుళాల మడత వదిలేవాడు. తల్లులు లూజుగా ఉందంటే, “పోరలు పెరుగుతరమ్మా, ఎండకాలం అచ్చేవరకు సరిపోతది సూడు,” అనేవాడు.

చాచా వయసులో ఉన్నప్పుడు చాలా ఏళ్లు గల్ఫ్‌లో టైలర్‌గా చేశాడు. వాళ్ల దుకాణం పక్కనే ఒక ఆటల మైదానం. ఒక చలికాలం అక్కడికి స్పెయిన్ నుంచి ఒక ఫుట్‌బాల్ జట్టు ప్రాక్టీసుకు వచ్చింది. సముద్రం ఒడ్డున పడవలు కట్టే ఒక చిన్న ఊరి జట్టు. ఆడాల్సిన రోజు పొద్దున చూసుకుంటే చొక్కాల మీద నంబర్లు ఊడివస్తున్నాయి. ఎవరో చాచా దుకాణం చూపించారు. మధ్యాహ్నంలోపు చొక్కాలన్నిటికీ నంబర్లు కుట్టి ఇచ్చాడు. ఆ జట్టు గోల్‌కీపర్ కుట్టడం అయ్యేదాకా స్టూల్ మీద కూర్చొని, చాచా తన సద్ది గిన్నె విప్పితే చెయ్యి చాపాడట.

“నా రొట్టె సగం తిన్నడు బిడ్డా. కారం ఉందని కండ్లల్ల నీళ్లు పెట్టుకుంట తిన్నడు. ఇంక ఆల్లు పరాయోల్లు ఎట్లయితరు?”

ఆ జట్టు పేరు ఇక్కడ రాయను. చాచా పలికినట్టు రాస్తే మీకు అర్థం కాదు, సరిగ్గా రాస్తే అది చాచా జట్టులా ఉండదు. ఆయన ఎప్పుడూ ‘మనోళ్లు’ అనే అన్నాడు. ఆ గోల్‌కీపర్ ఎప్పుడో ఆట మానేశాడు. జట్టు చాలాకాలం కింది డివిజన్‌లోనే ఉండిపోయింది. కిందటేడు మొదటి డివిజన్‌కు ఎక్కింది. ఆగస్టులో ఆ వార్త నా కంప్యూటర్‌లో చూపిస్తే చాచా కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూశాడు.

మొదటి డివిజన్‌లో ఇరవై జట్లు. ఏడాదంతా ఆడాక చివరి మూడు కిందికి దిగిపోవాలి. మనోళ్లు మొదటి నుంచీ ఆ చివర్లోనే వేలాడారు. సాయంత్రం మ్యాచులుంటే చాచా నా దుకాణంలోకి వచ్చి కూర్చునేవాడు. అరిచేవాడు కాదు. మోకాలి మీద కొలతల టేపును చుట్టేవాడు, విప్పేవాడు, మళ్లీ చుట్టేవాడు. పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో పాయింట్ల పట్టిక రాసి గోడకు అతికించుకున్నాడు.

జనవరిలో మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చింది. జగిత్యాల తీసుకుపోయాం. చాచా, చాచీ, సిరిసిల్ల నుంచి వచ్చిన వాళ్ల బిడ్డ, ఇంగ్లీషు చదువుతానని నేను. డాక్టరు చాచాతో, “టెన్షన్ తీసుకోవద్దు, మందులు మానొద్దు,” అని మాత్రం చెప్పి, నాతో ఇంగ్లీషులో అసలు సంగతి చెప్పాడు. గుండె బాగా బలహీనపడింది. ఆపరేషన్‌కు తట్టుకోదు. మందులతో ఎన్నాళ్లు లాగితే అన్నాళ్లు.

వరండాలో చాచీకి, బిడ్డకు చెప్పాను. బిడ్డ నా చెయ్యి పట్టుకొని తన నెత్తిన పెట్టుకుంది.

“అక్కా, అబ్బాకు చెప్పద్దు. నా మీద ఒట్టు. తెలిస్తే ఆ బుగులుకే పోతడు.”

చాచీ ఇంటికి రాగానే మ్యాచులు బంద్ చేసింది. బతిమాలితే ఒక ఒప్పందానికి వచ్చారు. మ్యాచ్ నేను చూడాలి. ఆయన గోళీ వేసుకున్నాక పోయి ఫలితం చెప్పాలి. అర్ధరాత్రి మ్యాచులైతే పొద్దున చెప్పాలి.

“నిమ్మలంగ చెప్పాలె,” అంది చాచీ.

“ముందుగాల గెలిచిండ్రా ఓడిండ్రా గది చెప్పు. కథ ఎన్కసీరి,” అన్నాడు చాచా.

ఎవరిదో ఆట ఒంటరిగా చూడటం, చూస్తున్నంతసేపూ గోడ అవతలి మనిషి గురించి ఆలోచించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఎదుటి జట్టు మన గోల్ దగ్గరికి వస్తే, నేను కిక్కురుమన్నా ఆయనకు వినపడుతుందని నోటికి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. అవతల మిషన్ ఆగిందంటే వింటున్నాడని తెలిసేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. ఆ రోజు పొద్దున్నుంచీ చాచాకు ఊపిరి ఆడటం లేదు, పెదవులు నల్లబడ్డాయి. మనోళ్లు ఒకటి–ఒకటి మీద నిలబడి, చివరి నిమిషంలో ఓడిపోయారు. నేను లోపలికి పోయేసరికి దిండ్లకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. చాచీ ఆయన వెనక నిలబడి నన్నే చూస్తోంది.

“ఏమైంది బిడ్డా?”

“సమానం చాచా. ఒకటి ఒకటి.”

చాచా కళ్లు మూసుకొని నవ్వాడు. “ఒక్క పాయింటు. గా ఒక్కటే మనల్ని కాపాడుతది సూడు.” లేచి పెన్సిల్ తీసుకొని గోడ మీది కాగితంలో రాశాడు. చాచీ నా వైపు చూసి తల ఊపింది. మంచి పనే చేశాననుకున్నాను.

ఆ తర్వాత మూడు మ్యాచులు వరుసగా ఓడిపోయారు. అవి దాచలేదు, దాచే ధైర్యం మళ్లీ రాలేదు. మార్చిలో, చాచా కాస్త కోలుకొని మిషన్ మీద కూర్చున్న రోజుల్లో, నాకే తెలియకుండా నోరు జారింది.

“నాలుగోసారి ఓడిండ్రు చాచా, వరుసగా.”

మిషన్ ఆగింది. చాచా గోడ మీది కాగితం వైపు తిరిగి, వేలితో లెక్కపెట్టాడు. “నా కాయితంల మూడే ఉన్నయి.”

నా చూపు కాగితంలో ఆ ఫిబ్రవరి పాయింటు మీదికి పోయింది.

“ఏ మ్యాచ్?”

చెప్పాను. రబ్బరు తీసుకొని ఆ పాయింటు చెరిపేశాడు. కోపం లేదు. రబ్బరు పొట్టు ఊది, కుర్చీ నా వైపు జరిపాడు. “కూసో.” కూర్చున్నాను. “ఇంకేమన్న దాచినవా?”

“లేదు చాచా.”

“జగిత్యాలల డాక్టరు ఇంగ్లీషుల మాట్లాడుతుంటె నువ్వు నేల సూసినవ్. రెండు నెలల సంది మీ చాచీ నన్ను ఒక్కమాట అన్లేదు. పెండ్లయిన కాడి నుంచి నన్ను తిట్టకుంట ఒక్క రోజు పోనియ్యలే ఆమె. గప్పుడే అనుకున్న. ఏమన్నడు డాక్టరు?”

లోపల చాచీ గిన్నెలు తోముతున్న చప్పుడు వినపడుతోంది. సిరిసిల్ల బిడ్డ నా చెయ్యి నెత్తిన పెట్టుకున్నది గుర్తొస్తోంది. చాచా నన్ను తొందర పెట్టలేదు. సూదిలోంచి దారం తీసేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. డాక్టరు చెప్పింది చెప్పినట్టు తెలుగులో చెప్పాను.

ఆయన చాలాసేపు తలుపు బయట రోడ్డు చూశాడు.

“ఎన్ని రోజులన్నడు?”

“చెప్పరాదన్నడు చాచా.”

“సరే.” దారం మళ్లీ సూదికి ఎక్కిస్తూ అన్నాడు: “బిడ్డా, ఓడినదాన్ని ఓడిందని చెప్పాలె. లేకుంటె ముంగట ఎట్ల ఆడాల్నో తెల్వదు మనిషికి.”

మరునాడు చాచీ నా దుకాణంలోకి వచ్చింది. గిరాకీలు ఉన్నారని కూడా చూడలేదు. “నువ్వేం జేసినవో ఎరికేనా నీకు? రాత్రి ఆయనకు నిద్ర లేదు, నాకు లేదు. నా మనిషికేమన్న అయితె నీ మొకం సూడ.” అంతే, వెళ్లిపోయింది. ఇరవై రోజులు నాతో మాట్లాడలేదు. సిరిసిల్ల నుంచి బిడ్డ ఫోన్ చేసి ఏడ్చింది, ఒట్టు తప్పావంది. నేను తప్పు చేశానో లేదో తెలియక, గోడ అవతల ఏ చిన్న దగ్గు వినపడినా లేచి నిలబడేదాన్ని.

కానీ ఆ ఇరవై రోజుల్లో అవతల వేరే పని మొదలైంది. చాచీ ఇన్నేళ్లూ గుండీలు, కాజాలు కుట్టింది గానీ కత్తెర పట్టలేదు. కటింగ్ చాచాదే. ఇప్పుడు ఆయన ఆమెకు నేర్పుతానన్నాడు. మొదటిరోజు వాళ్ల మాటలు గోడలోంచి నాకు స్పష్టంగా వినపడ్డాయి.

“నేను నేర్సుకోను. నేను నేర్సుకుంటె నువ్వు పోతవ్.”

“నేర్సుకోకున్నా పోత. నేర్సుకుంటె నిమ్మలంగ పోత.”

కాసేపటికి కత్తెర బట్టను కోస్తున్న చప్పుడు, చాచీ ఏడుస్తున్న చప్పుడు కలిసి వచ్చాయి.

ఏప్రిల్ అంతా బడి బట్టల పని. బిడ్డ సిరిసిల్ల నుంచి గుడ్డ తాన్లు పంపిస్తే భార్యాభర్తలిద్దరూ బల్లకు చెరో పక్క నిలబడేవాళ్లు. ఆమె తప్పు గీస్తే చాచా వేలితో తుడిచేసి, “మల్ల,” అనేవాడు. ఆమె కసిరేది. చాచీ మళ్లీ తిడుతోందని వింటూ నేను ఇవతల ఊపిరి పీల్చుకున్నాను. ఒకరోజు గోడ పక్క నుంచి సగం గ్లాసు చాయ్ వచ్చింది. ఇచ్చింది చాచీ.

అక్కడ మనోళ్లు కూడా కాస్త లేచారు. రెండు గెలిచారు, ఒకటి సమానం చేసుకున్నారు. మే నెలలో చివరి మ్యాచ్ నాటికి లెక్క తేలింది: గెలిస్తే ఉంటారు, లేకుంటే దిగిపోతారు. ఆ మ్యాచ్ తాను చూస్తానన్నాడు చాచా. చాచీ ఒప్పుకోలేదు. నాతో జగిత్యాల డాక్టరుకు ఫోన్ చేయించింది. ఆయన అంతా విని, “చూడనివ్వకపోతే ఇంకా ఎక్కువ ఆరాటపడతాడు. మందు వేసి, పక్కన కూర్చోండి,” అన్నాడు.

సాయంత్రం కంప్యూటర్ తీసుకుపోయి వాళ్ల కటింగ్ బల్ల మీద పెట్టాను. చాచీ ఆయన మణికట్టు పట్టుకొని కూర్చుంది. నాడి చూడటం ఆమెకు రాదు. అయినా పట్టుకుంది.

మొదటి సగంలోనే మనోళ్లు గోల్ కొట్టారు. చాచా కదల్లేదు. “ఇప్పుడే కాదు,” అన్నాడంతే. రెండో సగమంతా ఎదుటి జట్టు మన గోల్ ముందే ఉంది. బంతి ఒకసారి పై కర్రకు తగిలి పక్కకు పోతే చాచీ “యా అల్లా” అంది. ఆటలో ఒక్క నియమం తెలియని మనిషి. చాచా నుదుటి మీద చెమట పట్టింది. ఆపేద్దామా అన్నాను. వద్దని చెయ్యి ఊపాడు. ఇంక ఐదు నిమిషాలు. ఇంక మూడు. అప్పుడు మన ఆటగాడి చేతికి బంతి తగిలింది. రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు.

నేను ఆట చూడటం మానేసి చాచా ఛాతీ చూస్తున్నాను, లేస్తోందా లేదా అని. మన గోల్‌కీపర్ సరైన పక్కకే దూకాడు. బంతి వేళ్లకు తగిలి లోపలికి పోయింది.

ఒకటి–ఒకటి. అంతే. మనోళ్లు దిగిపోయారు.

నేను ఆపబోయాను. చాచా నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఉంచు. ఎట్ల పోతరో సూడాలె.”

తెర మీద ఆటగాళ్లు గడ్డిలో కూలబడి ఉన్నారు. ఆ చిన్న ఊరి జనం ఒక్కరూ లేచి వెళ్లడం లేదు. ఏడుస్తూనే చప్పట్లు కొడుతున్నారు. చప్పట్లు ఆగేదాకా చాచా చూశాడు. తర్వాత అన్నాడు, “మంచిగ ఆడిండ్రు.” పెన్సిల్ అడిగి, గోడ మీది కాగితంలో ఆ చివరి పాయింటు రాశాడు. చాచీ అప్పుడు మణికట్టు వదిలింది. ఆమె వేళ్ల అచ్చులు ఆయన చర్మం మీద చాలాసేపు ఉన్నాయి.

ఇంకో నెల బతికాడు. ఆ నెలలో ఒప్పుకున్న బడి బట్టలన్నీ ఇద్దరూ కలిసి కుట్టి ఇచ్చేశారు. కొత్తవి ఒప్పుకోలేదు. సిరిసిల్ల బిడ్డ వచ్చి వారం రోజులు ఉంది. పోయేముందు నా దుకాణంలోకి వచ్చి, “అక్కా, మా అబ్బా నాతోని మంచిగ మాట్లాడిండు. అన్ని మాట్లాడిండు,” అని, నా చెయ్యి పట్టుకొని కాసేపు నిలబడింది. నేను తప్పు చేశానేమో అన్న బుగులు ఆ రోజుతో పోయింది.

మొన్న బుధవారం బుగ్గారం నుంచి ఒకామె తన బిడ్డ పెళ్లికి జాకెట్ గుడ్డ పట్టుకొని వచ్చింది. భర్త పోయాక పాటించే ఇద్దత్ రోజులు, చాచీ ఇల్లు దాటదు. దుకాణం ముందు పరదా వేసి ఉంది. ఆమె నా దగ్గరికి వచ్చి, “టైలర్ చాచా లేడా?” అని అడిగింది. నేను లేచి పరదా వైపు చూశాను.

పరదా వెనక నుంచి చాచీ గొంతు వచ్చింది. “నేనున్న. లోపటికి రా అమ్మా.”

నేనూ వెనకే పోయాను. చాచీ గుడ్డను బల్ల మీద పరిచి, అరచేత్తో ముడతలు తీసింది. కొలత రెండుసార్లు చూసుకుంది. సుద్దముక్క తీసుకొని గుడ్డ మీద ఆనించి, ఒక్క క్షణం అలాగే ఆగింది. ఎరుపు గుడ్డ మీద తెల్లటి గీత మెల్లగా భుజం నుంచి చంక దాకా వంపు తిరిగింది.