మణత్త పిల్లలు

రత్నమణికి పిల్లలు లేరని ఎవరైనా అంటే నమ్మకండి. కడుపున పుట్టినవాళ్లు లేరు, అంతే. కడపలో ఆమె ఉండే చర్చి వీధిలో నడక నేర్చిన ప్రతి పిల్లా తన పిల్లేనని ఆమె లెక్క. వారమంతా ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడుతుంది, ఆదివారం సండే స్కూలు చెబుతుంది. సాయంత్రం ఎండ తగ్గాక చిన్నవాళ్లను భర్త దాసన్న ఆటోలో కుక్కి, పట్టనివాళ్లను వెంట నడిపించుకుని మున్సిపల్ పార్కుకు పోతుంది. ఈ పని ఎన్నో ఏళ్లుగా చేస్తోంది. ఆమె చెయ్యి పట్టుకుని పార్కుకు పోయినవాళ్లలో కొందరికి ఇప్పుడు మీసాలు కూడా వచ్చాయి.

పిల్లలందరికీ ఆమె మణత్త. ఏ బెంచీకి మేకు లేచిందో, ఏ మూల గండుచీమలు ఉంటాయో ఆమెకు తెలుసు. ఎవరు ఊయల ఎక్కాలో, ఎవరు దిగాలో ఆమే చెప్పాలి. ఆ రాజ్యంలో ఇంకొకరికి చోటు లేదు. పోయిన మే నెల వరకు చోటు అడిగినవాళ్లూ లేరు.

మేలో చర్చి సంఘపెద్ద బాలస్వామి ఇంటికి కోడలు వచ్చింది. పేరు ప్రేమజ్యోతి. నంద్యాల పిల్ల, బి.ఎడ్. చదివింది, గిటార్ వాయిస్తుంది. పైగా అందరితో మర్యాదగా ఉంటుంది. తప్పు పట్టడానికి సందు ఇవ్వకపోవడమే ఆ పిల్లలో రత్నమణికి దొరికిన మొదటి తప్పు.

పార్కుకు వచ్చిన మొదటి ఆదివారమే గొడవ మొదలైంది. ఎండాకాలంలో జారుడుబల్ల పెనంలా కాలుతుంది కాబట్టి, పొద్దు గోడ దిగేదాకా దాని జోలికి పోకూడదని మణత్త చట్టం. ప్రేమజ్యోతి రెండు బాటిళ్ల నీళ్లు బల్ల మీద గుమ్మరించి, ఒక పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తానే జర్రున జారింది. పిల్లలు పెట్టిన కేకకు వాకింగ్ చేసేవాళ్లు ఆగి చూశారు. రత్నమణి మాత్రం చీర కొంగు సర్దుకుంటూ ఇంకో వైపు చూసింది.

ఆషాఢం గాలికి దుమ్ము లేస్తే, కళ్లలో పడుతుందని రత్నమణి పిల్లలను చెట్టు చాటున కూర్చోబెట్టింది. ప్రేమజ్యోతి పాత పేపర్లతో గాలిపటాలు చేసి తెచ్చింది. అక్టోబరులో నాలుగు చినుకులు పడి పార్కులో గుంతలు నిండితే, జలుబు చేస్తుందని రత్నమణి వద్దంది. ఆ పిల్ల చెప్పులు విప్పి ముందు తానే గుంతలో దూకింది. పిల్లలు ఎవరి వెంట పోతారో చెప్పాలా? కొత్త ఒక వింత, పాత ఒక రోత.

"ఏమే, ఆ పాప మంచిదే గదా. నీకూ మోకాళ్ల నొప్పులు. సగం పని తగ్గిందనుకో" అన్నాడు దాసన్న ఒకరోజు.

"నా మోకాళ్లు నొస్తాండాయని నీకు చెప్పినానా? నీ ఆటో సంగతి నువ్వు చూసుకోపో."

అంతవరకూ ఎట్లాగో ఓర్చుకుంది. డిసెంబరులో మహిమ వంతు వచ్చింది. తల్లి పనికి పోతే రత్నమణి మిషన్ పక్కనే పెరిగిన పిల్ల అది. పార్కులో ఎప్పుడూ రత్నమణి చిటికెన వేలు వదిలేది కాదు. క్రిస్మస్ పాటలు నేర్చుకునే ఆ సాయంత్రం, చేమంతి మడుల పక్కన, ఆ వేలు వదిలేసి "జ్యోతక్కా" అంటూ పరిగెత్తింది. ఆ రాత్రి రత్నమణికి అన్నం సయించలేదు. ఇంకొక్క ఏడాది ఇట్లాగే సాగితే ఈ వీధిలో తానొక జాకెట్లు కుట్టే ఆడమనిషిగా మిగిలిపోతుందని భయపడింది.

ఏప్రిల్‌లో మట్టల ఆదివారం దగ్గరపడింది. ఆ రోజు పిల్లలు ప్రభువుకు స్వాగతంగా ఈత మట్టలు పట్టుకుని హోసన్నా పాడుతూ వీధుల్లో ఊరేగుతారు. మట్టలు తెచ్చేది ఎప్పుడూ రత్నమణే. దాసన్న ఊరి బయటి వంకలోకి పోయి కోసుకొస్తాడు.

"అక్కా, ఈసారి మట్టలు దొరక్కపోయినా పరవాలేదులే. పచ్చ కాయితాలతో చేసుకుందాం, పిల్లోల్లకు సరదాగా ఉంటాది" అంది ప్రేమజ్యోతి.

"కాయితం మట్టలతో దేవుణ్ణి ఎదుర్కుంటారా యాడన్నా?" అని రత్నమణి పిల్లల వైపు తిరిగింది. "ఒక్కొక్కరికి మీకన్నా ఎత్తు మట్ట తెచ్చిస్తా, సూడండి!"

శనివారం మాపున దాసన్న ఉత్త చేతులతో వచ్చాడు. వంకలో గడ్డికి ఎవరో నిప్పు పెడితే ఈత చెట్లన్నీ మాడిపోయాయట. "ఆ పాప చెప్పినట్ల కాయితాలతోనే కానీండి" అన్నాడు. పుండు మీద కారం చల్లడమంటే అదే.

తెల్లవారుతుండగా రత్నమణి కొడవలి, గోతాం తీసుకుని పార్కుకు పోయింది. గేటుకు అటూ ఇటూ సోకు కోసం పెంచిన పొట్టి ఈత చెట్లు ఉన్నాయి. కావలి ఓబుళేశు టీకి పోయినట్టున్నాడు. దొంగతనం తప్పని ప్రతి ఆదివారం పిల్లల చేత వల్లె వేయించే మనిషి, తలెత్తి చూడకుండా రెండు చెట్లనూ గుండు చేసేసింది.

"యాడివే ఇవి?" అన్నాడు దాసన్న.

"దేవుడిచ్చినాడు."

ఊరేగింపు బ్రహ్మాండంగా సాగింది. మట్టలు ఊపుతూ పిల్లలు, అందరికంటే ముందు రత్నమణి, ఎక్కడో వెనక గిటార్‌తో ప్రేమజ్యోతి. ఏడాదిలో మొదటిసారి రత్నమణికి ఊపిరి ఆడింది. ఆ ఊరేగింపు ప్రతి ఏడూ పార్కులోనే ముగుస్తుంది, అక్కడే పిల్లలకు బొరుగులూ నిమ్మకాయ నీళ్లూ ఇస్తారు. ఆ పద్ధతి పెట్టింది కూడా రత్నమణే. కుళ్లు కళ్లకు అడ్డం పడినప్పుడు మనిషికి ఎదురుగా ఉన్న గేటు కూడా కనబడదు మరి.

గేటు దగ్గర, బోడి చెట్ల పక్కన, ఓబుళేశు నిలబడి ఉన్నాడు.

"యెవురమ్మా కోసింది? బోరు ఎండిపోతే బిందెలతో నీళ్లు మోసి బతికించుకుంటి వీటిని. చెప్పండి, యెవురు?"

పిల్లలందరూ ఒక్కసారిగా మట్టలను వీపుల వెనక దాచుకున్నారు. మణత్త మాట తప్పలేదు, ఆ మట్టలు వాళ్లకన్నా ఎత్తే. ప్రతి తల మీదా ఒక ఆకుపచ్చ కొస ఊగుతోంది. రత్నమణి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ప్రేమజ్యోతి చెట్లను చూసింది, రత్నమణి ముఖం చూసింది, ముందుకొచ్చింది.

"నేనేనన్నా. తెలీక కోయించినా. తప్పయిపాయ."

గండం తప్పిందని ఇంకొకరైతే ఊపిరి పీల్చుకునేవాళ్లు. రత్నమణికి కనిపించింది వేరు. పిల్లలందరూ కళ్లు పెద్దవి చేసి ఆ పిల్లనే చూస్తున్నారు. మహిమ పోయి ఆమె చున్నీ పట్టుకుంది.

"నా పిల్లోల్లను తీసుకుంటివి, నా పార్కు తీసుకుంటివి. కడాకు నేను చేసిన తప్పు గూడా నీకే కావాల్నా?" అని అరిచింది రత్నమణి. "కోసింది నేనప్పా! నా కొడవలితో నేనే కోసినా!"

"నువ్వా మణెమ్మా? ఇన్నేండ్ల నుంచి సూస్తాండా నిన్ను" అన్నాడు ఓబుళేశు. తిట్టినా బాగుండేది. "పిల్లోల్లను పోనీ. ఈ చెట్లు మల్లా చిగురేసేదాకా నువ్వు మాత్రం లోపలికి రావాకు."

పిల్లలను తీసుకుని ప్రేమజ్యోతే లోపలికి పోయింది. ఏ పని కాకూడదని ఏడాదంతా కుమిలిందో, దాన్ని రత్నమణి తన చేతులతోనే చేసి పెట్టింది. బయట ఫుట్‌పాత్ మీద ఇనప ఊచలకు ఆనుకుని కూర్చుంది. లోపల గిటార్ మోగుతోంది, పిల్లలు నవ్వుతున్నారు. పోయినవాళ్లు పోయినట్టే అనుకుంది.

కాసేపటికి మహిమ ఊయల మీది నుంచి పడింది. ప్రేమజ్యోతి పరిగెత్తి ఎత్తుకుంది, ముద్దు చేసింది, బిస్కెట్ చేతిలో పెట్టింది. పిల్ల గింజుకుని కిందికి దిగి, పార్కంతా అడ్డంగా ఏడుస్తూ వచ్చి, ఊచల సందులోంచి మోచెయ్యి బయటికి చాపింది.

"మణత్తా, దెబ్బ."

రత్నమణి ఊదింది. కొంగుతో మట్టి తుడిచింది. ఏడుపు ఆగింది. వెనకే వచ్చిన ప్రేమజ్యోతి లోపలి వైపు గడ్డిలో కూలబడింది. ముఖం చిన్నబోయి ఉంది.

"ఏడాది నుంచి పాటలు పాడతాండా, ఆడిపిస్తాండా. నవ్వేటప్పుడు అందరూ నా కాడనే ఉంటారక్కా. దెబ్బ తగిల్తే మాత్రం ఒక్కరూ నిలబడరు, నీ కాడికే ఉరుకుతారు. నిన్ను సూస్తే నాకు శానా కుళ్లు."

ఆ పిల్ల కళ్లలో నిజంగానే నీళ్లు తిరుగుతున్నాయి. వయసులో పెద్దది కాబట్టి రత్నమణి నాలుగు మంచి మాటలు చెప్పి ఓదార్చాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. మహిమ మోచెయ్యి వదలకుండానే ఊచల దగ్గరికి ఇంకాస్త జరిగి కూర్చుంది.

"జ్యోతీ, ఆ కడాన చెప్పిన మాట ఇంగొకసారి చెప్పు" అంది.