మూడు కెమెరాలకూ బొట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే మెట్ల దగ్గర పది కోచింగ్ బోర్డులు ఉంటాయి. సాఫ్ట్‌వేర్, గ్రూప్స్, బ్యాంకు, స్పోకెన్ ఇంగ్లిష్. ఏ బోర్డు చూసి ఎక్కామో పైకి చేరేసరికి మరిచిపోయే ప్రమాదం ఉంది. నేను మాత్రం మరిచిపోలేదు. చీరల దుకాణం మీద మూడో అంతస్తులో టీవీ ప్రొడక్షన్ నేర్పేవారు. మూడు కెమెరాలు, ఒక చిన్న స్టూడియో, దాని పక్కన ఏసీ ఉన్న ఒకే ఒక గది. ఆ గదే కంట్రోల్ రూం. అందులో స్విచ్చర్ ముందు ఒక కుర్చీ. ఏ కెమెరా బొమ్మ బయటికి పోవాలో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లే మీట నొక్కి తేలుస్తారు. ఆ కుర్చీని చూసిన రోజే అది నాదనుకున్నాను. కుర్చీకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఎల్బీనగర్‌లో మా నాన్నకు చీరలు, దుప్పట్ల దుకాణం ఉంది. తాత పోచంపల్లి నుంచి మూటలు మోసుకొచ్చి పెట్టింది. కోర్సులో చేరిన రోజే నాన్న తేల్చి చెప్పాడు. "దసరా దాంక చూస్త. నౌకరి ఒస్తే పో. రాకపోతే దుప్పట్ల కౌంటర్‌ల కూసో." కొందరికి వారసత్వంగా కోటలు వస్తాయి. నాకు డబుల్‌కాట్ దుప్పట్లు.

మాకు పాఠం చెప్పే సారు చాలా ఏళ్లు చానెళ్లలో పనిచేసి వచ్చినాయన. పుస్తకం పట్టుకోడు. ఎవరి పని ఏమిటో పెళ్లితో పోల్చి చెప్పేవాడు.

"డైరెక్టరంటే అయ్యగారు. ఆయన చెప్తేనే తాళి. మనసొంటి చిన్న యూనిట్ల డైరెక్టరు, స్విచ్చరు రెండూ ఒక్కరే. ఆడియో అంటే వంటాయన. ఉప్పు తక్కువైతేనే యాదికొస్తడు. తెర మీద పేర్లేసేటాయన కార్డులు కొట్టించినాయన. తప్పు పడితే జన్మంతా అంటరు."

"మరి ఫ్లోర్ మేనేజర్, సార్?" అని అడిగాను.

"పెండ్లిల మేనమామ. అన్నిటికి ఆయననే పిలుస్తరు. ఉరుకుతనే ఉంటడు. ఫోటోల మాత్రం ఉండడు."

అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

వారానికో పని చొప్పున అందరికీ అన్నీ తిప్పేవారు. నా వంతు వచ్చిన రోజు కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, మైకులో రెండో కెమెరా మీద గట్టిగా అరిచాను. "టూ, జర లెఫ్ట్! అరే, నీ లెఫ్ట్ కాదురా, నా లెఫ్ట్!" నేను కూర్చున్నది గోడ అవతల. నా లెఫ్ట్ ఎటుందో వాళ్లకు ఎట్లా తెలుస్తుంది? మూడు కెమెరాలూ మూడు దిక్కులకు తిరిగాయి. కంగారులో మీట నొక్కితే తెర మీదికి స్టూడియో గోడ వచ్చింది. చాలాసేపు అక్కడే ఉంది.

"గోడను ఇంటర్వ్యూ చేస్తున్నవా బిడ్డా?" అన్నాడు సారు. "ఏమన్న చెప్పిందా?"

తర్వాతి వంతు మా బ్యాచ్‌లోని ఒక అమ్మాయిది. మీర్‌పేట్ నుంచి వచ్చేది. వాళ్లది కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. బ్యాచ్ మొత్తంలో మాట చివర "అండి" తగిలించేది ఆమె ఒక్కతే. యుద్ధంలాంటి లైవ్‌లో "అండి" ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని నేను గోడకానుకుని నిలబడ్డాను.

"టూ గారూ, కొంచెం దగ్గరికి రండి. చాలండి. టూ రెడీ... తీసుకుంటున్నా."

కెమెరా వెనకాల ఉన్న కుర్రాడు, నేను అరిచినా కదలనివాడు, వెన్నలా జరిగాడు. నాకు కడుపులో ఏదో కాలింది. మధ్యాహ్నం తిన్న మిర్చి బజ్జీ అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆమె వంతు వచ్చిన ప్రతిసారీ అదే మంట. బజ్జీ తినని రోజుల్లో కూడా.

కోర్సు చివర ఒక వంటల కార్యక్రమం లైవ్‌గా చేయాలి. అది చూడటానికి ఎల్బీనగర్‌లో పెళ్లిళ్ల లైవ్ యూనిట్ నడిపే ఓనర్ వస్తున్నాడని, ఆ రోజు కుర్చీలో బాగా చేసినవాళ్లకు ఆయన దగ్గర ఉద్యోగమని సారు చెప్పాడు. ఫంక్షన్ హాల్లో మూడు కెమెరాలు, పెద్ద ఎల్ఈడీ తెర, మధ్యలో స్విచ్చర్. నాకు కావలసింది అంతే. దుప్పట్లకూ నాకూ మధ్య ఆ కుర్చీ ఒక్కటే అడ్డుంది.

వంట చేయడానికి మాత్రం ఎవరూ దొరకలేదు. సర్వపిండి మా అమ్మ చేసినట్టు ఎవరూ చేయరని, ఆమెను తెస్తానని చెయ్యెత్తాను. మనిషిని తెచ్చినవాడికే కుర్చీ ఇస్తారని నా లెక్క. ఎవరూ అట్లా చెప్పలేదు. నా లెక్కలు నేనే వేసుకుంటాను.

"శభాష్," అన్నాడు సారు. "గట్లయితే కుర్చీల ఈ అమ్మాయి. నువ్వు ఫ్లోర్. మీ అమ్మను నువ్వే చూసుకోవాలె గద."

నా గొయ్యి ఇంత నీటుగా తవ్వుకున్నది నేనే. మేనమామ పని పడింది. పైగా ఫ్లోర్ హెడ్‌సెట్‌లో మైకు పాడైంది, వినబడుతుంది కానీ మాట్లాడలేం. కంట్రోల్ రూంకు ఏదన్నా చెప్పాలంటే, బయటికి పోని కెమెరా ముందు నిలబడి అవునంటే పైకీ కిందికీ, కాదంటే పక్కలకు తలాడించాలి. మనకు అలవాటైన మూడో ఊపు, ఆ మధ్యరకంది, సారు నిషేధించాడు. "అవునా కాదా తేల్చు. గా ఊపుడు కంట్రోల్ రూంల నడవదు."

లైవ్ పెట్టింది దసరా ముందు రోజు. సామాన్లకు పూజ కూడా అప్పుడే. కెమెరాలకు బంతిపూల దండలు, స్టాండు కాళ్ల కింద నిమ్మకాయలు. అమ్మ పట్టుచీరలో వచ్చింది. పెనం, పిండి, పల్లీలు, నువ్వులు అన్నీ సంచిలో తెచ్చుకుంది.

"అక్కా, జర మీ చేతితోని బొట్లు పెట్టుర్రి," అని సారు పసుపు గిన్నె అందించాడు.

అమ్మ మొదటి కెమెరా ముందు నిలబడి దాని ముఖాన్ని కాసేపు పరిశీలించింది. లెన్సు పైన చిన్న బొడిపె ఒకటి కనిపించింది. నుదురు అదే అయి ఉంటుందని నిర్ణయించింది. తడి పసుపు దట్టంగా మెత్తి, దాని మీద కుంకుమ అద్దింది. మిగతా రెండింటికీ అంతే. అమ్మ దేన్నీ తక్కువ చేసి పెట్టదు. మా అందరి కళ్లూ ప్రసాదం మీద ఉన్నాయి.

కార్యక్రమం మొదలయ్యే ముందు ఆమె కంట్రోల్ రూం నుంచి బయటికి వచ్చి అమ్మ పక్కన వంగింది. "ఆంటీ, మీరేం కంగారు పడకండి. ఏ కెమెరా మీద ఎర్రగా కనిపిస్తే దాన్ని చూసి మాట్లాడండి. అంతే."

ఆమె లోపలికి వెళ్లగానే అమ్మ నావైపు తిరిగింది. "ఎంత మంచిగ మాట్లాడుతదిరా గా పిల్ల! నువ్వు ఎన్నడన్న నాతోని అట్ల మాట్లాడినవా?"

కుర్చీ పోయింది సరే. ఇప్పుడు అమ్మ కూడా.

లైవ్ మొదలైంది. అమ్మ ఒక మాట ఒకటో కెమెరాకు చెప్పింది, ఒక మాట రెండోదానికి, ఇంకో మాట పెనం మీదికి వంచి పెట్టిన మూడోదానికి. బంతిలో ముగ్గురికీ సమానంగా వడ్డించినట్టు. బయటికి పోతున్న బొమ్మలో మాత్రం ఎప్పుడు చూసినా అమ్మ చెవి కనిపిస్తోంది.

నా హెడ్‌ఫోన్‌లో మొదటిసారి "అండి" లేకుండా ఆమె గొంతు వినబడింది. "ఫ్లోర్! ఆవిడ ఎటు చూస్తున్నారు?"

నాకు పండుగ ఒక రోజు ముందే వచ్చినట్టనిపించింది. ఓనర్ కంట్రోల్ రూంలో నిలబడి అంతా చూస్తున్నాడు. చూడనీ, ఇంకా చూడనీ అనుకున్నాను. అంతలో కెమెరాల ముందు భాగం కనిపించింది. అమ్మ నుదురు అనుకున్న ఆ బొడిపె, ఏ కెమెరా బొమ్మ బయటికి పోతుందో చెప్పే ఎర్రబల్బు. టాలీ లైట్ అంటారు. మూడింటి మీదా పసుపు పూత కింద అది కూరుకుపోయింది. పైన కుంకుమ. మా అమ్మ తప్పేం లేదు. ఎర్రగా ఉన్నదాన్ని చూడమన్నారు, మూడూ ఎర్రగానే ఉన్నాయి.

ఈలోపు రెండో కెమెరా కుర్రాడికీ సంగతి అర్థమై కర్చీఫ్ తీసి తుడవబోయాడు. అమ్మ లైవ్‌లోనే అట్లకాడ ఎత్తింది. "బిడ్డా, బొట్టు తుడవకు! పండుగపూట ఏం పనిరా అది?" వాడు కర్చీఫ్‌తో సొంత ముఖం తుడుచుకున్నాడు.

నేను ఒకటో కెమెరా ముందుకు వెళ్లి వేలితో నుదురు తట్టుకున్నాను.

"తలనొప్పా?" అంది ఆమె హెడ్‌ఫోన్‌లో.

పక్కలకు ఊపాను. కెమెరా బొడిపె చూపించి, మళ్లీ నుదురు తట్టుకున్నాను.

"బొట్టా? మూడింటికీనా?"

పైకీ కిందికీ ఊపాను. ఇప్పుడు ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆశపడ్డానేమో కూడా.

"మీ అమ్మగారు మధ్యమధ్యలో మిమ్మల్నే చూస్తున్నారు కదండీ?"

నేను గమనించలేదు. తిరిగి చూస్తే నిజమే. నేను వంగి నిలబడ్డానా, నీరసంగా ఉన్నానా, పొద్దున తిన్నానా అని ప్రతి వాక్యం చివర అమ్మ నాపైకి ఒక చూపు విసురుతోంది. తలాడించాను.

"అయితే నేను ఏ కెమెరా రెడీ అంటే దాని వెనకాలకు వెళ్లి నిలబడండి. ప్లీజ్."

మా అమ్మ గురించి కూడా ముందు ఆమెకే తట్టింది. దీన్ని మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు.

"వన్ రెడీ." వన్ వెనకాలకు ఉరికాను. అమ్మ చూపు నా వెంటే వచ్చింది. సూటిగా, తెర నిండా అమ్మ ముఖం. "టూ రెడీ." కేబుళ్లు దాటుకుంటూ టూ వెనకాలకు. మళ్లీ వన్. మళ్లీ టూ. నాలుగోసారికి అమ్మ పల్లీలు కలపడం ఆపి లైవ్‌లో అంది: "ఎందుకురా గట్ల ఉరుకుతున్నవ్? జర నిమ్మళంగ నిలబడు." ఆడియో అతను ఆ మాటను స్పష్టంగా బయటికి పంపాడు. వంటాయన ఉప్పు సరిగ్గా వేశాడు.

సర్వపిండి తిరగేసే సమయం వచ్చింది. త్రీలో పెనం దగ్గరగా ఉంది. పిండి తిరగబడింది, అంచు ఎర్రగా కాలింది. నేనైతే అప్పుడే మీట నొక్కి వేరే బొమ్మకు పోయేవాణ్ణి. ఆమె ఆగింది. నూనె చిటపటలు తగ్గేదాకా ఆగి, "వన్ రెడీ" అని, నేను అక్కడికి చేరాక, అమ్మ తలెత్తాక, అప్పుడు మీట నొక్కింది. పక్కనున్న మానిటర్‌లో చూశాను. అమ్మ ముఖంలో ఎంత గర్వముందో చెప్పలేను. పుట్టినప్పటి నుంచి ఆ ముఖానికి ఎదురుగా కూర్చుని సర్వపిండి తింటున్నాను. నాకు ఎప్పుడూ కనబడలేదు. నేను పెనం వైపు చూస్తాను.

అయిపోయాక ఆమె బయటికి వస్తే, "చివరి కట్ జర లేటైంది," అన్నాను.

"అవునా అండి?" అంది. నిజంగానే ఆలోచించింది. ఈ మనుషులతో గెలవడం కష్టం.

ఓనర్ రెండు ముక్కలు సర్వపిండి తిని, మూడోది చేతిలో పట్టుకుని సారుతో అన్నాడు. "కుర్చీల ఆ పిల్లే. ఖరార్." నాకు ఎల్బీనగర్ చౌరస్తా, దుకాణం షట్టరు, లోపల మడత పెట్టిన దుప్పట్లు వరసగా కనిపించాయి. పూల డిజైన్, గళ్ల డిజైన్, ప్లెయిన్. నేను వెళ్లి కేబుళ్లు చుట్టడం మొదలుపెట్టాను. హెడ్‌సెట్ ఇంకా తల మీదే ఉంది.

"ఫ్లోర్ గారూ," అని వినబడింది. ఆమె మళ్లీ లోపలికి వెళ్లి కూర్చుంది. "పెళ్లిళ్లలో పెళ్లికొడుకు నుంచి తాతల దాకా అందరూ తప్పు కెమెరానే చూస్తారటండి. చూపు తిప్పే మనిషి లేక ఓనర్ గారు పరేషాన్ అవుతున్నారు. మిమ్మల్నే అడుగుతున్నారు. వస్తారా?"

"పరేషాన్" అన్న మాట కూడా మా దగ్గరే నేర్చుకుంది. దాన్ని కూడా నాకంటే బాగా పలికింది.

ఒకటో కెమెరా ఇంకా ఆన్‌లోనే ఉంది. దాని ముందుకు వెళ్లి నిలబడ్డాను. పక్కలకు ఊపాలని మనసంతా ఉంది. అప్పుడు దుప్పట్లు గుర్తొచ్చాయి. తల పైకీ కిందికీ కదిలింది. తెర మీద నేను నవ్వుతున్నట్టు కనిపించానని తర్వాత సారు అన్నాడు. అది లైటింగ్ లోపం.

వెనకాల నుంచి అమ్మ గొంతు. పెనం ముందు ఇంకా నిటారుగానే నిలబడి ఉంది. "అయిపోయిందారా? ఇంక గీ కెమెరాను చూడాల్నా, ఒద్దా?"

ఇప్పుడు పెళ్లిళ్లలో ఆమె కుర్చీలో, నేను కేబుళ్ల మీద. జీతం ఇద్దరికీ ఒకటే, కాళ్లనొప్పులు నావి. మొన్న ఒక ఫంక్షన్ హాల్లో ఆమె భోజనానికి వెళ్లినప్పుడు చుట్టూ చూసి, యూనిట్‌తో పాటు ప్రతిచోటికీ మోసుకెళ్లే ఆ కుర్చీలో కూర్చున్నాను. ఒక చక్రం విరిగి ఉంది. కదిలితే ఎడమకు ఒరుగుతుంది. ఆమె ఇన్నాళ్లుగా ఒక కాలు నేలకు తన్నిపెట్టుకుని మీటలు నొక్కుతోందన్నమాట.

నేనూ కాలు తన్నిపెట్టి చూశాను. నాకు నిలవలేదు.